పాత ప్యూటర్ పళ్ళెం మీది వంశ చిహ్నం ఎవరిదో పట్టుకోవడం ఎలా

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది ఆదివారం పొద్దున్నే కార్ బూట్ సేల్‌కి (జనం కారు డిక్కీలో పాత సామాను తెచ్చి అమ్మే సంతకి) వెళ్ళి ఏదో ఒకటి పట్టుకొస్తారు. వాటిలో నల్లబడిన బరువైన పళ్ళెం ఒకటి ఉంటుంది. ఇంటికొచ్చి తుడిస్తే అంచు మీద గోటంత డాలు బొమ్మ, అందులో సింహమో పక్షో కనిపిస్తుంది. వెంటనే ఫోటో తీసి "ఇది ఏ జమీందారుదో కాస్త చెప్పు" అని నాకు పంపుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక మొత్తం పద్ధతి ఒక్కచోట రాస్తున్నాను.

పేరు చివర్న రావాలి. ఈ పనిలో తప్పులన్నీ పేరు ముందే అనుకుని, తర్వాత దానికి సాక్ష్యం వెతకడం వల్ల వచ్చేవే. ముందు బొమ్మ, తర్వాత వర్ణన, ఆ తర్వాత వెతుకులాట, తేదీతో సరిచూడటం, అప్పుడు పేరు.

ప్యూటర్ అంటే ఎక్కువ భాగం తగరం, కొంచెం రాగి, యాంటిమొనీ, పాతవాటిలో సీసం కూడా కలిపిన మెత్తటి లోహం. ఇక్కడ నేను చెప్పేది ముఖ్యంగా 17, 18 శతాబ్దాల ఇంగ్లండ్ సామాను గురించి.

1. ముందు వంటగది అలవాట్లు పక్కన పెట్టండి

చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, ఇత్తడి తోమే పొడి అసలే వద్దు. ఇత్తడి చెంబుని తళతళలాడించే పులుపు ఈ లోహాన్ని తినేస్తుంది. పైగా చెక్కిన గీత లోతు వెంట్రుకంత కూడా ఉండదు, గట్టిగా నాలుగుసార్లు రుద్దితే మీక్కావలసిన సాక్ష్యమే పోతుంది. తెలిసినావిడ ఒకరు పళ్ళెం అద్దంలా మెరిపించి తెచ్చి చూపించారు, డాలు ఉండాల్సిన చోట సబ్బు అరిగినట్టు నున్నగా ఉంది. ఏం చెప్పను!

గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ. అంతే. డిష్‌వాషర్‌లో పెట్టకండి, పొయ్యి దగ్గర ఉంచకండి. ప్యూటర్ 170 నుంచి 230 డిగ్రీల మధ్యే కరుగుతుంది, అంటే మన పెనం వేడి చాలు.

అందులో అన్నం తినొద్దు. సీసం ఉంటుంది, పులిహోర, పచ్చడి లాంటివైతే దాన్ని ఇంకా లాగుతాయి.

2. బల్ల మీద ఉండాల్సినవి

- పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం
- సన్నటి వెలుగు ఇచ్చే టార్చి (ఫోన్ టార్చి కూడా పనికొస్తుంది)
- పలచటి కాగితం, మెత్తటి పెన్సిల్
- కింద పరవడానికి తువ్వాలు
- స్కేలు
- నోటుబుక్కు. ఫోన్‌లో రాసుకుంటే ఫోటోల మధ్య కలిసిపోయి మళ్ళీ దొరకవు, నా అనుభవం

3. అది అసలు వంశ చిహ్నమేనా?

పాత ప్యూటర్ మీద ముద్రలు చాలా రకాలు. డాలు ఆకారం కనిపించిందల్లా వంశానిది కాదు.

మొట్టమొదట, చెక్కిందా కొట్టిందా చూడండి. వంశ చిహ్నాన్ని దాదాపు ఎప్పుడూ పనిముట్టుతో గీత గీతగా చెక్కుతారు. తయారీదారు ముద్రని అచ్చుతో ఒక్క దెబ్బలో కొడతారు, కాబట్టి దాని చుట్టూ ఒక గుంట, గుంటలో ఉబ్బెత్తు బొమ్మ ఉంటాయి. ఇది ఎక్కువగా పళ్ళెం వెనక ఉంటుంది.

వెండి మీది హాల్‌మార్క్‌లని చూసి ప్యూటర్ వాళ్ళు కూడా వరసగా నాలుగు బుల్లి డాళ్ళు కొట్టేవారు. వాటిలో సింహం, చిరుత తల, మేకర్ అక్షరాలు ఉంటాయి. కొత్తవాళ్ళు అందరూ పడే గుంట ఇదే: ఆ సింహాన్ని పట్టుకుని వంశం వెతుకుతారు. అది ఎవరి వంశమూ కాదు, కొనేవాడికి వెండిలా అనిపించాలని చేసిన ఏర్పాటు. కిరీటం కింద ఎక్స్ అక్షరం, కిరీటం కింద గులాబీ కూడా నాణ్యత గుర్తులే.

బీరు మగ్గుల అంచు దగ్గర కిరీటం, దాని కింద డబ్ల్యూ ఆర్ అని ఉంటే అది కొలత సరిగ్గా ఉందని వేసిన సర్కారు ముద్ర. మూడో విలియం రాజు కాలంలో మొదలైంది, ఆయన 1702లో పోయిన తర్వాత కూడా చాలాకాలం అవే అక్షరాలు కొట్టారు. అందువల్ల దాన్ని చూసి మగ్గుకి విలియం కాలం అంటగట్టకండి.

అంచు మీద త్రికోణంలా మూడు అక్షరాలు ఉంటే మాత్రం సంతోషించండి. అది సొంతదారు గుర్తు. పై అక్షరం ఇంటిపేరు, కింద ఎడమ పక్కది భర్త పేరు, కుడి పక్కది భార్య పేరు. మన ఇళ్ళల్లో పెళ్ళికిచ్చిన స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించినట్టే. ఆ రోజుల్లో జె బదులు ఐ రాసేవారు, కనుక ఐ కనబడితే జాన్, జేమ్స్, జేన్ లాంటి పేర్లు కూడా మనసులో ఉంచుకోండి.

ఇంకో రకం, సంస్థల చిహ్నాలు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీలు, లండన్ లాయర్ల సంఘాలు (ఇన్స్ ఆఫ్ కోర్ట్), వృత్తి సంఘాలు తమ భోజనశాల సామాను మీద తమ గుర్తు వేయించేవి. రెక్కల గుర్రం కనిపిస్తే ఇన్నర్ టెంపుల్ అనే లాయర్ల సంఘం, జెండా పట్టుకున్న గొర్రెపిల్ల అయితే మిడిల్ టెంపుల్ అనే సంఘం అయ్యే అవకాశం ముందు చూడండి.

చివరిగా, గోడకి తగిలించే జర్మన్ పళ్ళేలు. బొమ్మ పోతపోసి ఉబ్బెత్తుగా ఉంటుంది, వెనక జిన్ (జర్మన్‌లో తగరం) 95 శాతం అని రాసి ఉంటుంది. అవి 20వ శతాబ్దపు టూరిస్టు వస్తువులు, చాలావరకు ఊళ్ళ చిహ్నాలు. ఇవి చేతికొస్తే గోడకి తగిలించుకోండి, బావుంటాయి. ఈ పద్ధతి వాటికి అక్కర్లేదు.

4. బొమ్మ తీయడం

పైన లైటు వేసి ఎదురుగా ఫోటో తీస్తే ఏమీ కనబడదు. గది చీకటి చేసి, టార్చిని పళ్ళేనికి దాదాపు ఆనించినంత కిందగా పట్టుకుని పక్క నుంచి వెలుగు పడనివ్వండి. గీతలన్నీ నీడలు పట్టి లేచి నిలబడతాయి. వెలుగుకి అడ్డంగా ఉన్న గీతలే బాగా కనిపిస్తాయి కాబట్టి నాలుగు పక్కల నుంచీ నాలుగు ఫోటోలు తీయాలి. ఒక్క పక్కతో ఆపితే సగం రంగులు పోతాయి, ఎందుకో ఆరో అంచెలో తెలుస్తుంది.

తర్వాత పెన్సిల్ నకలు. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, అదే. ఇక్కడ బరువు వేయకూడదు, పెన్సిల్ పక్కకు వాల్చి తేలిగ్గా నిమరాలి. చెక్కిన గీతలు తెల్లగా మిగులుతాయి.

రెండు జాగ్రత్తలు. పళ్ళెం గుండ్రం, దానికి పైనా కిందా లేదు. డాలు మొన కిందికి ఉండేలా ముందే తిప్పుకుని, ఫోటో మీద "ఇది పైభాగం" అని బాణం గుర్తు పెట్టుకోండి. ఇంకొకటి, ఫోన్ ముందు కెమెరా వాడొద్దు. ఒకసారి నేను తొందరలో సెల్ఫీ కెమెరాతో తీశాను, బొమ్మ అద్దంలోలా తిరగబడింది, భార్య పుట్టింటి గుర్తుని భర్తదనుకుని రెండు వారాంతాలు తగలేశాను.

5. కుడి, ఎడమ ఎవరివి?

వంశ చిహ్నాల శాస్త్రంలో (ఇంగ్లీషులో హెరాల్డ్రీ) కుడి అంటే డాలు పట్టుకున్న మనిషి కుడి. చూసే మనకి అది ఎడమ. గుళ్ళో నిలబడి దేవుడి కుడిచేయి అన్నప్పుడు మనం విగ్రహం వైపు నుంచే చెప్తాం కదా, అలాగే. పుస్తకాల్లో డెక్స్‌టర్ అంటే మనకి ఎడమ పక్క, సినిస్టర్ అంటే మనకి కుడి పక్క. నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి, ఎన్నేళ్ళు చేసినా తడబడే చోటు ఇది.

6. గీతల్లో దాగిన రంగులు

లోహం మీద రంగు వేయలేరు కాబట్టి గీతల దిశతో రంగు చెప్పేవారు. పెట్రా సాంక్టా అనే జెసూట్ పాదిరీ 1638లో అచ్చువేసిన పద్ధతి తర్వాత అంతటా పాకింది.

- చుక్కలు: బంగారం (ఓర్)
- ఖాళీ: వెండి (ఆర్జెంట్)
- నిలువు గీతలు: ఎరుపు (గ్యూల్స్)
- అడ్డ గీతలు: నీలం (అజూర్)
- నిలువు, అడ్డం కలిసిన గళ్ళు: నలుపు (సేబుల్)
- మనకి ఎడమ పై మూల నుంచి కుడి కిందికి ఏటవాలు: ఆకుపచ్చ (వర్ట్)
- కుడి పై మూల నుంచి ఎడమ కిందికి: ఊదా (పర్‌ప్యూర్)

తెల్లటి నేల (డాలులో బొమ్మ వెనక పరుచుకున్న భాగం) మీద చిన్న చిన్న తోకల్లాంటి నల్ల మచ్చలుంటే అది ఎర్మిన్ అనే బొచ్చు. దాన్ని చుక్కలనుకుని బంగారం అని రాసేవాళ్ళు ఉన్నారు.

రంగుకి ఎందుకింత పట్టింపు అంటే, వెనక కాళ్ళ మీద లేచిన సింహం ఒక్కటే ఉన్న డాలు తీసుకోండి. నేల మీద చుక్కలు, సింహం మీద అడ్డ గీతలు ఉంటే బంగారు నేల మీద నీలి సింహం, పెర్సీ వంశం. నేల మీద నిలువు గీతలు, సింహం ఖాళీగా ఉంటే ఎర్ర నేల మీద వెండి సింహం, మౌబ్రే వంశం. బొమ్మ అదే, గీతలే వేరు. ఇప్పుడు ఫోటోని తొంభై డిగ్రీలు తిప్పి చూడండి, నిలువు అడ్డమైపోతుంది, ఎరుపు నీలమైపోతుంది, వంశమే మారిపోతుంది. పైభాగం గుర్తు పెట్టుకోమన్నది అందుకే.

ఇలాంటి పొరపాట్లని పట్టే పరీక్షలు రెండున్నాయి. మొదటిది: బంగారం, వెండిని లోహాలంటారు, మిగతావి రంగులు, లోహం మీద లోహం, రంగు మీద రంగు పెట్టకూడదని నియమం. మీరు చదివినదాంట్లో ఎర్ర నేల మీద నీలి సింహం వస్తే దాదాపు ఖాయంగా మీ చదువే తప్పు, ఫోటో మళ్ళీ తీయండి. రెండోది: బ్రిటిష్ డాళ్ళలో ఊదా రంగు చాలా అరుదు. ఊదా వచ్చిందంటే బొమ్మ అద్దంలోలా తిరగబడిందేమో చూసుకోండి, అసలు అది ఆకుపచ్చ అయ్యుంటుంది.

గీతలు అసలే లేకపోతే రెండు అర్థాలు. డాలు నిజంగా వెండి నేల కావచ్చు, లేదా చెక్కినవాడు రంగులు పట్టించుకోలేదు. పాతకాలం పనుల్లో, ముఖ్యంగా 17వ శతాబ్దం మధ్యకి ముందువాటిలో, రెండోదే ఎక్కువ. అప్పుడు "రంగు తెలియదు" అని రాయండి, "వెండి" అని కాదు.

7. డాలు ఎన్ని ముక్కలైంది?

మధ్యలో నిలువు గీతతో రెండు సగాలైతే అది పెళ్ళి. మన అర్ధనారీశ్వరుడిని తలచుకోండి: కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి, ఎదురుగా చూసే మనకి శివుడు ఎడమ పక్క. ఇక్కడా అంతే, మనకి ఎడమ పక్క భర్త వంశం, కుడి పక్క భార్య పుట్టిల్లు. ఇలాంటి డాలు దొరికితే అదృష్టమే, ఎందుకంటే ఫలానా వంశంలో ఫలానా వంశపు అమ్మాయిని చేసుకున్నవాళ్ళు ఒకరిద్దరే ఉంటారు, మనిషి దాకా వెళ్ళొచ్చు.

పైన బిషప్ టోపీ ఉంటే మాత్రం అది పెళ్ళి కాదు. ఎడమ పక్క ఆయన పీఠం, కుడి పక్క ఆయన సొంత గుర్తు.

పెద్ద డాలు నడిమధ్యలో ఇంకో బుల్లి డాలు ఉంటే భార్యకి అన్నదమ్ములు లేరని, ఆమె వారసురాలని. వాళ్ళ పిల్లల తరం నుంచి డాలు నాలుగు గళ్ళవుతుంది, మనకి ఎడమ పై గడి తండ్రి వంశం. వెతుకులాట ఎప్పుడూ ఆ గడితోనే మొదలుపెట్టండి.

డాలు బదులు డైమండ్ ఆకారం ఉంటే ఆడమనిషిది. అందులో రెండు సగాలుంటే సాధారణంగా వితంతువు, ఒక్కటే గుర్తుంటే పెళ్ళికాని అమ్మాయి.

మధ్యలో ఎక్కడో ఇమడనట్టు కనిపించే చిన్న గుర్తుని వదలకండి. మూడు పళ్ళ దువ్వెనలాంటిది పెద్ద కొడుకు, నెలవంక రెండోవాడు, నక్షత్రం మూడోవాడు, కాళ్ళు లేని పిచ్చుకలాంటి పక్షి నాలుగోవాడు. అది అసలు వర్ణనలో భాగం కాదు. వెతికేటప్పుడు తీసేసి వెతకాలి, దొరికాక మళ్ళీ కలపాలి.

8. డాలు పైనా చుట్టూ

హెల్మెట్ పక్కకి తిరిగి మూసుకుని ఉంటే మామూలు పెద్దమనిషి. ఎదురుగా, ముఖం తెరిచి ఉంటే నైట్ లేదా బారొనెట్ అనే బిరుదు ఉన్నవాడు. డాలులో చిన్నగా అరచేయి బొమ్మ ఉంటే బారొనెట్, ఆ హోదా పెట్టింది 1611లో, కాబట్టి అంతకుముందుది కాదు.

కిరీటాన్ని బట్టి ఇంగ్లండ్ ప్రభువుల హోదా తెలుస్తుంది, బొమ్మలో కనిపించే లెక్క ఇది, పెద్ద హోదా నుంచి చిన్నదాకా. అయిదు ఆకులు: డ్యూక్. మూడు ఆకులు, మధ్యలో రెండు బంతులు: మార్క్విస్. పొడుగు కాడల మీద అయిదు బంతులు: ఎర్ల్. అంచు మీదే వరసగా ఎక్కువ బంతులు: వైకౌంట్. నాలుగు బంతులు: బారన్. బారన్‌కి కిరీటం ఇచ్చింది 1661లో, ఇదీ తేదీకి పనికొస్తుంది.

ఇక్కడొక మోసం ఉంది. హెల్మెట్ శిఖరం మీది బొమ్మ, అంటే క్రెస్ట్, చాలాసార్లు చిన్న ఆకుల కిరీటంలోంచి లేస్తున్నట్టు ఉంటుంది. అది క్రెస్ట్‌లో భాగం, హోదా కాదు. దాన్ని చూసి "డ్యూక్ గారి పళ్ళెం" అని అమ్మేవాళ్ళూ ఉన్నారు, కొనేవాళ్ళూ ఉన్నారు. హోదా కిరీటం డాలుకి సరిగ్గా పైన కూర్చుంటుంది.

డాలు చుట్టూ గుండ్రంగా బెల్టు, దాని మీద ఓనీ స్వా కీ మాల్ ఇ పాన్స్ అని ఫ్రెంచ్ వాక్యం ఉంటే అది గార్టర్ అనే నైట్ బిరుదు. కుటుంబ నినాదం కాదు. గార్టర్ నైట్‌ల జాబితాలు తేదీలతో సహా దొరుకుతాయి, పని సగం తగ్గిపోతుంది. వేరే మాటలున్న బెల్టు, అందులో క్రెస్ట్ మాత్రమే ఉంటే అది స్కాట్లండ్ పద్ధతి, దానికీ గార్టర్‌కీ సంబంధం లేదు.

9. మాటల్లో రాయండి

పుస్తకాలు బొమ్మలతో వెతకనివ్వవు, మాటలతోనే వెతకాలి. వరస ఇది: ముందు నేల రంగు, తర్వాత ముఖ్యమైన పట్టీ లేదా బొమ్మ, అది ఎన్ని, ఏ భంగిమ, ఏ రంగు, చివర్న చిన్నవి.

తెలుగులోనే రాసుకోండి మొదట. "నల్ల నేల, మూడు దుప్పి తలలు, ఎదురుగా చూస్తున్నాయి, మెడ లేదు, వెండి." తర్వాత వాళ్ళ మాటల్లోకి మార్చండి. ఏటవాలు పట్టీ బెండ్, అడ్డ పట్టీ ఫెస్, నిలువుది పేల్, తిరగేసిన వి ఆకారం షెవ్రన్, పైభాగం చీఫ్. లేచిన సింహం రాంపంట్, నడిచేది పాసంట్, మనవైపు ముఖం తిప్పితే గార్డంట్. తల నున్నగా కోసినట్టుంటే కూప్డ్, పీకినట్టు చిరుగులుంటే ఇరేజ్డ్, మెడ లేకుండా ఎదురుగా ఉంటే క్యాబోస్డ్. చిరుగులా, నునుపా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, దాంతోనే వంశాలు వేరవుతాయి, భూతద్దం అక్కడ పెట్టండి.

వింత వస్తువు కనిపిస్తే దాని ఇంగ్లీషు పేరు పైకి అనండి. మన గుర్రం వారు గుర్రం బొమ్మ పెట్టుకున్నట్టు వీళ్ళూ పేరుతో ఆడుకునేవారు. షెల్లీ వంశానికి మూడు శంఖాలు, లూసీ వంశానికి లూస్ అనే చేపలు.

10. ఎక్కడ వెతకాలి

మూడు పాత పుస్తకాలు చాలు, కాపీరైట్ అయిపోయినవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉచితం.

వర్ణన నుంచి పేరుకి: పాప్‌వర్త్ ఆర్డినరీ, 1874. డాలులోని బొమ్మల అక్షరక్రమంలో ఉంటుంది. సింహాన్ని లయన్ దగ్గర వెతికితే దొరకదు, జంతువులన్నీ బీస్ట్ కింద, తలలన్నీ హెడ్ కింద. ఇది తెలియక మొదటిరోజు పుస్తకం మూసేసినవాళ్ళు నాకు తెలుసు. రంగులు కుదించి ఉంటాయి, గూ అంటే గ్యూల్స్, అజ్ అంటే అజూర్, సా అంటే సేబుల్.

క్రెస్ట్ నుంచి పేరుకి: ఫెయిర్‌బెర్న్. నినాదాల జాబితా కూడా ఉంది.

పేరు నుంచి వర్ణనకి: బర్క్ జనరల్ ఆర్మరీ, 1884. దీన్ని సరిచూసుకోవడానికే వాడండి, మొదలుపెట్టడానికి కాదు.

యూరప్ పళ్ళేలైతే రీట్‌స్టాప్ ఆర్మోరియల్.

పాప్‌వర్త్ ఒక్క పేరు ఇవ్వడు, అయిదో పదో ఇస్తాడు. అన్నీ రాసుకోండి. నచ్చిన పేరు దగ్గర ఆగిపోవద్దు. ఒక్కోదానికి క్రెస్ట్ సరిపోయిందా, నినాదం సరిపోయిందా, త్రికోణంలోని పై అక్షరం సరిపోయిందా అని కొట్టేసుకుంటూ రండి.

ఇంటర్నెట్‌లో ఇంటిపేరు కొడితే రంగురంగుల డాలు చూపించి కప్పుల మీద వేసి అమ్మే సైట్లు ఉంటాయి. వాటి జోలికి వెళ్ళొద్దు. చిహ్నం ఇంటిపేరుకి చెందదు, ఒక మనిషికీ అతని సంతతికీ చెందుతుంది. మన దగ్గర ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్ళకి వేరే వేరే గోత్రాలు ఉండవూ? అలాగే స్మిత్‌లందరిదీ ఒక డాలు కాదు.

11. తేదీతో సరిచూడటం

ఇప్పుడు పళ్ళెం తిప్పండి. వెనక తయారీదారు ముద్రని ఫోటో తీసి వెతకండి. 1929లో కాటరెల్ వేసిన పుస్తకం తయారీదారులకి నంబర్లు ఇచ్చింది, పాత డీలర్లు ఇప్పటికీ ఆ నంబరే చెబుతారు. ప్యూటర్ సొసైటీ వాళ్ళ దగ్గర ముద్రల డేటాబేస్ ఉంది.

ముద్రలో ఏదైనా సంవత్సరం ఉంటే అది పళ్ళెం చేసిన ఏడాది కాదు, తయారీదారు ఆ ముద్ర తీసుకున్న ఏడాది. అదే ముద్రని ముప్ఫై ఏళ్ళు కూడా కొట్టి ఉండొచ్చు. లండన్ అనే మాటనీ నమ్మొద్దు, బయటి ఊళ్ళవాళ్ళు కూడా కొట్టుకునేవారు.

అంచు కూడా మాట్లాడుతుంది. చాలా వెడల్పైన అంచు సుమారు 1640 నుంచి 1680 లోపు. అంచు చివర రెండు మూడు గాడుల వరసలుంటే సుమారు 1670 నుంచి 1710. ఒక్క వరసైతే 18వ శతాబ్దం మొదటి సగం, ఏ వరసా లేని నున్నటి అంచు తర్వాత ఎక్కువ.

చెక్కిన తీరు మూడో సాక్షి. డాలు చుట్టూ అడ్డంగా పెట్టిన ఈకలు 1660ల నుంచి ఓ పాతికేళ్ళు. అటూ ఇటూ సరిసమానంగా బరువైన తీగలు 1740 దాకా. ఒక పక్కకి ఒరిగి, గవ్వలు, పూలతో అల్లరిగా ఉంటే 1740 నుంచి 1770. సాదా డాలు, దండలు వేలాడుతుంటే 18వ శతాబ్దం చివర.

ఇవన్నీ ఎలా కలుస్తాయో ఒక ఊహా పళ్ళెంతో చెప్తాను. మూడు దుప్పి తలలు, నేల మీద గళ్ళు, తలలు ఖాళీ. పాప్‌వర్త్‌లో హెడ్ కింద దుప్పి తలలు చూస్తే కొన్ని పేర్లొస్తాయి, అందులో కావెండిష్ ఒకటి. పైన ముడి వేసుకున్న పాము క్రెస్ట్, కావెండిష్‌దే. డాలు మీద డ్యూక్ కిరీటం. ఇక్కడితో "డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్" అని సంబరపడిపోవాలనిపిస్తుంది, ఆగండి. కావెండిష్‌లలో డ్యూక్‌లు రెండు శాఖలు. న్యూకాసిల్ శాఖ 1665లో డ్యూక్ అయి 1691లో మగ సంతతి లేక ముగిసింది. డెవన్‌షైర్ శాఖ 1694లో డ్యూక్ అయింది. అంచు మీద రెండు మూడు గాడుల వరసలున్నాయి, అంటే 1670 నుంచి 1710, రెండు శాఖలకీ సరిపోతుంది, తేలలేదు. వెనక ముద్ర 1702లో పని మొదలుపెట్టిన మనిషిదైతే డెవన్‌షైర్, వివాదం లేదు.

అదే ముద్ర 1680 నాటిదైతే? న్యూకాసిల్ అని రాసేయకండి. పళ్ళెం చేయకముందు చెక్కలేరు గానీ, చేసిన పాతికేళ్ళకైనా చెక్కొచ్చు. తయారీ తేదీ కింది హద్దు మాత్రమే. అప్పుడు ఈకలా, తీగలా అని చెక్కిన తీరు చూడాలి, అదీ తేల్చకపోతే రెండు పేర్లూ రాసి వదిలేయాలి.

12. తర్వాత చెక్కిందేమో

ఖాళీ పాత పళ్ళెం మీద కొత్తగా డాలు చెక్కి ధర పెంచడం కొత్తేమీ కాదు. భూతద్దంతో కత్తి గాట్లు చూడండి. రెండు వందల ఏళ్ళు వాడిన పళ్ళెంలో గాట్లు, గీరలు చెక్కిన గీతల మీదుగా పోవాలి, వాటిని అక్కడక్కడా కోయాలి. చెక్కిన గీతే పాత గీరల్ని కోసుకుంటూ వెళ్తోందంటే, చుట్టూ అంతా అరిగి డాలు మాత్రం పదునుగా ఉందంటే అనుమానించాల్సిందే. వేలితో నిమిరితే పాత గీత అంచు మెత్తగా తగులుతుంది, కొత్తది గరుగ్గా పట్టుకుంటుంది.

13. ఎక్కువగా చేసే తప్పులు

క్రెస్ట్ ఒక్కటే ఉంటే పేరు చెప్పేయడం. సగం సింహం లాంటి క్రెస్ట్ ఎన్ని వంశాలకుందో ఫెయిర్‌బెర్న్ తెరిస్తే కళ్ళు తిరుగుతాయి. అక్షరాలో, ఇంకో సాక్ష్యమో లేకుండా ముందుకి వెళ్ళొద్దు.

నినాదాన్ని నమ్ముకోవడం. ఒకే నినాదం చాలామందికి ఉంటుంది, ఒకే కుటుంబం మార్చుకోవడమూ ఉంది. నినాదం డాలు కింద కాకుండా క్రెస్ట్ పైన ఉంటే స్కాట్లండ్ వైపు చూడండి.

డాలు గుండ్రంగా కనిపించడానికి చెక్కినవాడు వేసిన నీడ గీతల్ని రంగుగా చదవడం. నీడ గీతలు ఒక పక్కే ఉంటాయి, రంగు గీతలు నేలంతా పరుచుకుంటాయి.

రాజచిహ్నాన్ని వంశ చిహ్నం అనుకోవడం. సింహం ఒక పక్క, ఒంటికొమ్ము గుర్రం ఒక పక్క మోస్తుంటే అది రాజుగారిది. దాని తేదీ తేలిక: లిల్లీ పూల గడి 1801లో పోయింది, నడిమధ్య హానోవర్ డాలు 1837లో పోయింది.

14. ఎంత ఖాయమో రాసి పెట్టండి

నేను మూడు మెట్లు పెట్టుకున్నాను. డాలు, క్రెస్ట్, తేదీ మూడూ కలిసి మనిషి కూడా తేలితే "ఖాయం". వంశం తేలి మనిషి తేలకపోతే "ఫలానా వంశం". రంగులు అరిగిపోయి రెండు మూడు పేర్లు మిగిలితే "వీళ్ళలో ఒకరు". నా దగ్గరున్నవాటిలో ఎక్కువ భాగం మూడో మెట్టు మీదే ఉన్నాయి, దానికి సిగ్గుపడేది లేదు.

అంతా చేసినా చిక్కుముడి వీడకపోతే లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ (ఇది చదువుల కాలేజీ కాదు, వంశ చిహ్నాల ఆఫీసు) వాళ్ళు డబ్బు తీసుకుని రికార్డులు వెతికిపెడతారు. స్కాట్లండ్‌కి లార్డ్ లయన్ కోర్టు వేరే ఉంది, అక్కడ 1672లో మొదలైన రిజిస్టర్ ఇంకా నడుస్తోంది. అడిగేముందు ఇవి సిద్ధంగా ఉంచుకోండి:

- నాలుగు పక్కల వెలుగు ఫోటోలు, పైభాగం గుర్తుతో
- పెన్సిల్ నకలు
- మీరు రాసిన వర్ణన, తెలియని రంగులు తెలియవని రాసి
- వెనక ముద్ర ఫోటో, అంచు వెడల్పు, పళ్ళెం వ్యాసం
- కొట్టేసిన పేర్లు, ఎందుకు కొట్టేశారో ఒక్కో ముక్క

ఈ వివరాలన్నీ ఒక అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి పళ్ళెంతో పాటు ఉంచండి. స్టిక్కర్ మాత్రం లోహానికి అంటించకండి. నేనొకదానికి అంటించి నాలుగేళ్ళ తర్వాత పీకితే చుట్టూ ఉన్న నలుపు కూడా దాంతోపాటే వచ్చేసింది, ఇప్పుడు ఆ పళ్ళెం వెనక చతురస్రంగా ఒక తెల్ల మచ్చ.